ఆవుల తరఫు వకీలు

దోన్ బెలార్మినో ఎచెగోయెన్ ఎదుట ఎవరు ఎవరినైనా ఏమైనా అనవచ్చు, ఆవును తప్ప. ఆయన్ని అనవచ్చు. ఆయన తాతను, ఆ తాత ఓడెక్కి బయలుదేరిన దేశాన్ని అనవచ్చు. ఆయన గుర్రానికి మెల్లకన్ను అనవచ్చు, నిజంగానే దానికి మెల్లకన్ను. చివరికి ఆయన ఫుట్‌బాల్ జట్టును కూడా అనవచ్చు. ఉరుగ్వేలో అంతకన్నా పెద్ద మాట లేదు. అన్నిటికీ ఆయన మాతే అనే ఆకు టీ వేసిన సొరకాయ బుర్రలోకి ఫ్లాస్కులోంచి వేడినీళ్లు ఒంపుకుని, గొట్టంతో ఒక గుక్క పీల్చి, "సరేలే" అనేవాడు. కానీ "ఆవుల వల్ల" అని ఎవరైనా నోరు తెరిచారంటే, ఆ వాక్యం పూర్తయ్యేలోపు గొట్టం నోట్లోంచి బయటికి వచ్చేది, టోపీ నెత్తి వెనక్కి జరిగేది, డెబ్బై నాలుగేళ్ల మనిషి కుర్చీలోంచి లేచి నిలబడేవాడు.

ఈ కోపానికి మూలం ఒక రేడియో వార్త. పశువులు వదిలే గాలి వల్ల భూమి వేడెక్కుతోందని ఒకరోజు పొద్దున్నే చదివారు. ఆయన అప్పుడే స్టేషనుకు ఫోను చేశాడు. "మా ఆవుల దగ్గర ఫోను లేదు. అందుకని వాటి తరఫున నేను మాట్లాడుతున్నాను" అని మొదలుపెట్టి నలభై నిమిషాలు వదల్లేదు. మర్నాడు మళ్లీ చేశాడు. ఏడేళ్లుగా చేస్తూనే ఉన్నాడు. ఆయన నంబరు కనపడగానే స్టేషనువాళ్లు పొడుగాటి అకార్డియన్ పాట ఒకటి పెట్టేసేవారు. సెర్రో లార్గో జిల్లాలో ఎనిమిదింటికి అకార్డియన్ మోగిందంటే దోన్ బెలార్మినో లైన్లో ఉన్నట్టేనని అందరికీ తెలుసు.

ఇంటికి ఎవరొచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న, "దేనిమీద వచ్చావు?" అని. మోటారుసైకిల్ అంటే అయిపోయినట్టే. ఒకసారి చర్చి ఫాదర్ వచ్చాడు.

"ఫాదర్, ఆదివారం నా చేత పాపాలు ఒప్పిస్తారు కదా. మీ బండి ఎప్పుడైనా ఒప్పుకుందా?" అని అడిగాడు.

అప్పటినుంచి ఫాదర్ మలుపు దగ్గరే బండి దాచి, కిలోమీటరు నడిచి వచ్చేవాడు.

అలాంటి మనిషి ఆవుల త్రేనుపులు కొలవడానికి ఎవరో ఒకరు వెళ్లాల్సి వచ్చింది. మోంతెవిదేయోలోని పరిశోధన కేంద్రంలో చీటీలు వేస్తే యానెలా రెకాల్దే అనే ఇరవయ్యేడేళ్ల అమ్మాయి పేరు వచ్చింది. ఆమె పైఅధికారి జాలిగా చూసి, "వాదించకు. తల ఊపు, డబ్బాలు కట్టు, వచ్చేయ్" అన్నాడు. వాదించకుండా ఉండటం యానెలాకు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేతకాని పని.

దోన్ బెలార్మినో ఊరు పాసో ఓందోలో, పొలం గేటు దగ్గరే ఆమెను పట్టుకున్నాడు ఆయన.

"దేనిమీద వచ్చావు?"

"జీపులో, దోన్ బెలార్మినో."

"ఎంత దూరం?"

"నాలుగు వందల కిలోమీటర్లు."

"దారిపొడుగునా పొగ వదిలిందా?"

"వదిలింది."

"దాని మూతికి ఏం కట్టావు?"

"ఏమీ కట్టలేదు."

"మా ఆవు మూతికి మాత్రం కడతావు."

"మూతికి కాదండీ, మెడకు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం ఉంటుంది, అంతే. ఆవు త్రేన్చినప్పుడల్లా కాస్త గాలి ఈ డబ్బాలోకి చేరుతుంది."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. "త్రేన్చినప్పుడా? వెనక నుంచి కాదా?"

"వెనక నుంచి చాలా తక్కువ. గడ్డి అరిగేటప్పుడు కడుపులో మీథేన్ పుడుతుంది. దాదాపు అంతా నోటి నుంచే పోతుంది."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత కంచె అడుగు తీగ మీద కాలు పెట్టి పైకి లేచి, అవతల పొలంలో ఉన్న పక్క రైతు ఎడిసన్ పెరెయ్రాను కేకేశాడు.

"ఎడిసన్, విన్నావా? సైన్సు తేల్చేసింది. ఆవు వెనక భాగం నిర్దోషి."

"ఏ భాగం?" అని అరిచాడు ఎడిసన్.

"వెనకది."

"మరి ముందుది?"

"దాని మీద విచారణ జరుగుతోంది. నువ్వు నోరు మూసుకో."

మర్నాడు పొద్దున్న రేడియోలో అకార్డియన్ మామూలు కన్నా రెండింతలు సేపు మోగింది.

డబ్బాలు కట్టేరోజు ఆయన పక్కనే నిలబడి ఒక్కొక్క ఆవునూ పరిచయం చేశాడు. ఎర్రటి ఒళ్లు, తెల్లటి మొహం ఉన్న పెద్దావు ముందుకొచ్చింది.

"ఈవిడ కోందేసా. పదకొండేళ్లు. ఇంతవరకు ఎవరికీ తల వంచలేదు."

కోందేసా నిమ్మళంగా తల వంచి, డబ్బా కట్టించుకుని, యానెలా మోచెయ్యి నాకింది.

"మొహమాటం" అన్నాడు ఆయన మొహం మాడ్చుకుని. "ఇంటికొచ్చిన మనిషివని ఊరుకుంది. చెవికి బిళ్ల వేశారు, ఇప్పుడు మెడకు డబ్బా కట్టారు. రేపు కళ్లజోడు పెట్టి పరీక్ష రాయమంటారు."

ఆదివారం మధ్యాహ్నం ఆయన పొయ్యి దగ్గర చుట్టుపక్కలవాళ్లు చేరారు. మూడు గంటల పాటు నిప్పుల మీద నెమ్మదిగా కాలిన పక్కటెముకలను ఆయనే కోసి అందరికీ పెట్టాడు, తానూ కడుపునిండా తిన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని యానెలా ఎదురుగా కూర్చుని మెడ ముందుకు చాచాడు.

"ఊఁ, కట్టు."

"ఏం కట్టాలి?"

"డబ్బా. నేను త్రేన్చబోతున్నాను."

సలాడ్ కలుపుతున్న సుల్మా అనే పొరుగావిడ, "వద్దమ్మాయ్, డబ్బా పగులుతుంది" అంది. అరవయ్యేళ్ల మనిషి, భర్త పోయి మూడేళ్లు. దోన్ బెలార్మినోకు ఎదురు మాట్లాడేవాళ్లలో ఆవిడ మొదటిది.

"మనుషులకు కట్టమండీ" అంది యానెలా.

"ఎందుకు కట్టరు? ఆ ఆవు గడ్డి తింది బతకడానికి. దాన్ని నేను తిన్నాను రుచి కోసం. నాకు డబ్బా లేదు. ఎక్కడో మహానగరంలో ఒకడు సగం ముక్క తిని, సగం చెత్తలో పారేసి, టీవీ ముందు కూర్చుని ఆవును తిడతాడు. వాడికీ డబ్బా లేదు. గొట్టం మాత్రం కోందేసా ముక్కుకు."

యానెలాకు పైఅధికారి చెప్పిన మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఆగలేదు.

"తినేవాడూ తగ్గించాలి, పారేసేవాడికి సిగ్గుండాలి. ఆ మాట నేనూ అంటాను. కానీ త్రేనుపు అబద్ధం కాదు కదా. ఈ దేశం వదిలే వాయువుల్లో దాదాపు సగం పశువుల కడుపులోదే. మనుషులం ముప్పై అయిదు లక్షలం, పశువులు కోటీ ఇరవై లక్షలు."

"వాటంతట అవి ఓడెక్కి వచ్చాయా?"

"రాలేదు, మనమే తెచ్చాం. అందుకే లెక్క మనమే చూసుకోవాలి. మీ వాగు చూడండి దోన్ బెలార్మినో, రెండు వేసవులుగా ఎండిపోయి ఉంది. ఈ కరువంతా ఆవుల వల్లేనని నేననను. కానీ భూమి వేడెక్కేకొద్దీ ఎండ ఇంకా ముదురుతుంది. అప్పుడు ముందు పడిపోయేది మీ కోందేసా. నేను కొలుస్తున్నది దాన్ని జైల్లో పెట్టడానికా?"

పొయ్యి చుట్టూ ఎవరూ నమలడం లేదు. ఏడేళ్లలో ఆయన్ని అంతసేపు మాట్లాడనివ్వకుండా చేసినవాళ్లు లేరు. ఆయన లేచి, నిప్పుల మీదున్న వాటిలో అన్నిటికన్నా మంచి ముక్క కోసి, ఆమె పళ్లెంలో కోపంగా పడేశాడు.

"తిను. ఒంట్లో బలం లేకుండా ఇంత వాగితే పడిపోతావు."

అక్కడితో యానెలాకు ఆయన మీద కాస్త ఇష్టం కలిగింది. అది ఒక వారం కూడా నిలవలేదు.

బుధవారం ఆమె గొట్టాలు మారుస్తుంటే కంచె దగ్గర గొడవ వినపడింది. దోన్ బెలార్మినో ఎడిసన్‌ను చెడామడా తిడుతున్నాడు.

"నీ ఆవుల ఎముకలు ఇక్కణ్ణించే కనపడుతున్నాయి. కడుపులో గడ్డిపోచ లేకుండా త్రేన్చడం ఆవుజాతికే తలవంపులు. ఆ ఎనిమిదింటినీ ఇటు తోలు."

"మొన్ననే ఆరు తోలుకుపోయావు కదా."

"ఇంకా తోలుకుపోతాను. నీకు పశువుల్ని సాకడం చేతకాదు. నీ బీడు చూస్తే గొర్రె కూడా నవ్వుతుంది."

"ముసలి దొంగా" అని గొణుగుతూనే ఎడిసన్ గేటు తీశాడు. ఎనిమిది ఆవులూ ఇటు వచ్చాయి. తర్వాతి రోజు సుల్మా ఇంటి ముందు కూడా అదే తంతు. "నీ ఆవులు రాత్రంతా అరిచి నా ఆవులకు నిద్ర లేకుండా చేస్తున్నాయి" అని తిట్టి, ఆవిడ పదకొండు ఆవులనూ తోలుకొచ్చాడు.

యానెలాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రం పొలమంతా నడిచి, పశువుల తొడల మీద వాతలు చూసింది. నూట నలభై పశువుల్లో యాభై ఎనిమిదింటి మీద ఆయన ముద్ర లేదు. నాలుగిళ్ల ముద్రలు ఉన్నాయి. కరువులో పక్కవాళ్లు నీరసించి ఉంటే, నోరు చేసుకుని వాళ్ల మందలను ఊడ్చుకుపోతున్నాడన్నమాట. ఇన్నాళ్లూ ఆవుల పరువని కేకలు వేసింది ఇందుకేనా అనుకుంది. పైఅధికారికి ఫోను చేస్తే ఆయన, "ఆయన పొలంలో ఎన్ని పశువులు మేస్తే అన్నీ ఆయన లెక్కలోనే. కాగితం మీద ఆయనే సంతకం పెట్టాడు. ఇప్పటిదాకా నువ్వు పంపిన డబ్బాల ఫలితం వచ్చేసింది, చూసుకో" అన్నాడు.

ఫలితం ఘోరంగా ఉంది. పది ఆవుల త్రేనుపులు కొలిచి, పొలంలో ఉన్న పశువులన్నిటికీ హెచ్చించి, ఆ రైతు ఏడాదికి అమ్మిన మాంసంతో భాగిస్తారు. కిలో మాంసానికి ఎంత వాయువో తేలుతుంది. తక్కువ వచ్చినవాళ్లకు యూరప్ కొనుగోలుదారుల పచ్చముద్ర దొరుకుతుంది, మాంసానికి మంచి ధర వస్తుంది. పాసో ఓందోలో ఇరవై రెండు పొలాలు కొలిస్తే దోన్ బెలార్మినో పొలం ఇరవై రెండోది. ఇరవై ఒకటోదానికీ ఆయనకూ మధ్య ఇంకో పాతిక పొలాలు పట్టేంత ఎడం ఉంది.

తగిన శాస్తి అనుకుంటూ యానెలా సుల్మా ఇంటికి వెళ్లింది.

"దోన్యా సుల్మా, మీరు ఫిర్యాదు ఇవ్వండి. మీ ఆవుల్ని ఆయన లాక్కుపోయాడని నేను సాక్ష్యం చెబుతాను."

సుల్మా పిండి పిసుకుతున్న చేతులతోనే కుర్చీలో కూలబడి, నవ్వు ఆపుకోవడానికి మోచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"లాక్కుపోవడమా? అమ్మాయ్, నా బీడులో గడ్డి అయిపోయి ఆర్నెల్లయింది. ఆయనది కొండ వాలు, ఊటబావి ఉంది. ఇంకొంచెం ఉంది గడ్డి. నా ఆవులు బతికున్నాయంటే అక్కడ ఉండబట్టే."

"మరి ఆ తిట్లు?"

"తిట్టకుండా తోలుకుపోతే అది సాయం అవుతుంది. సాయం చేయడమంటే ఆయనకు సిగ్గు. తీసుకోవడమంటే నాకు సిగ్గు. అందుకని ఆయన తిడతాడు, నేనూ తిడతాను. ఎవరి పరువు వాళ్లకు దక్కుతుంది. కిందటి నెల నా ఆవు అక్కడే ఈనింది. మర్నాడు దూడను గుర్రం మీద అడ్డంగా వేసుకుని వచ్చి, 'నీ ఆవుకు సిగ్గూ లజ్జా లేదు, నన్నడక్కుండా నా పొలంలో ఈనింది, ముందు ఈ దూడను చూసి చావు' అని నా చేతుల్లో పెట్టాడు. పాలు పట్టి, వెచ్చటి గుడ్డ చుట్టి మరీ తెచ్చాడు."

"అయితే ఆ యాభై ఎనిమిదీ మీవేనని రాయిస్తే సరిపోయేది కదా. ఆయన పచ్చముద్ర పోదు."

"ఆయన ముద్ర పోదు, మాది పోతుంది. ఏడాది పొడుగునా సొంత బీడులో మందను మేపలేనివాళ్ల పేరు జాబితాలోంచి కొట్టేస్తారట. మాలాంటి చిన్నవాళ్లం ఒక్కసారి బయటికి పోతే మళ్లీ లోపలికి రాలేం. ఆ సంగతి ఆయన చదివాడు. మాకు చెప్పలేదు. సంతకం పెట్టేశాక తెలిసింది."

"మీరు అడగలేదా?"

"ఎడిసన్ అడిగాడు. 'నా గడ్డి తిని నా పొలంలో త్రేన్చితే ఆ త్రేనుపు నాదే, నీకేం హక్కుంది' అని కర్ర తీసుకుని తరిమాడు."

యానెలా బసకు వెళ్లేదారిలో చాలా కోపంగా నడిచింది. ఈసారి ఎవరి మీద కోపమో తేల్చుకోవడానికి మాత్రం కొంచెం టైము పట్టింది. ఈ కొలతల కోసం దూరాన ఎవరో తయారుచేసిన ప్రశ్నల పత్రంలో ఆవు వయసుకు గడి ఉంది, బరువుకు గడి ఉంది, రోజుకు ఎన్ని గ్రాముల మీథేన్ అనేదానికి మూడు గడులు ఉన్నాయి. పక్కింటి ఆవుకు కరువులో మేత పెట్టినవాడికి గడి లేదు.

శనివారం క్లబ్బు హాల్లో ఫలితాలు చదివారు. ఊరంతా వచ్చింది. కొనుగోలుదారుల తరఫున ఒకాయన ఇస్త్రీ చొక్కాతో వేదిక మీద కూర్చున్నాడు. ఇరవై రెండో పేరు దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఇంత చెడ్డ అంకె నేను ఏ దేశంలోనూ చూడలేదు."

దోన్ బెలార్మినో లేచి నిలబడ్డాడు. టోపీ అప్పటికే నెత్తి వెనక్కి పోయింది.

"ఎన్ని దేశాలు చూశారేమిటి?"

"పద్నాలుగు."

"దేనిమీద తిరిగారు?"

"విమానంలో."

"దాని మూతికి ఏం కట్టారు?"

హాలు గొల్లుమంది. ఆ నవ్వులో ఎడిసన్ లేచాడు. చేతిలో టోపీ నలుపుకుంటూ, "అయ్యా, నేనొక మాట చెప్పాలి. ఆ పొలంలో ఉన్న ఆవులు కొన్ని..." అన్నాడు.

"కూర్చో" అని గర్జించాడు దోన్ బెలార్మినో. "నీకు పశువుల్ని పెంచడమూ రాదు, మాట్లాడటమూ రాదు."

ఎడిసన్ మొహం ఎర్రబడింది. మెల్లగా కూర్చున్నాడు. ముసలాయన మళ్లీ వేదిక వైపు తిరిగాడు. "రాసుకోండి. నేనే చెడ్డవాణ్ణి. నాకు మీ ముద్ర అక్కర్లేదు. కోందేసాకు చదువు రాదు, దానికీ అక్కర్లేదు."

అప్పుడు యానెలా చేతిలోని ఫైలు బల్ల మీద ఠపీమని కొట్టింది.

"మీకు కావాలా అక్కర్లేదా అని ఎవరడిగారు? ముందు మీరు చేసిన నిర్వాకం సంగతి చెప్పండి."

హాల్లో నవ్వు ఆగిపోయింది. దోన్ బెలార్మినో కూడా తెల్లబోయాడు.

"కొలత జరిగే రోజుల్లో మంద మారకూడదని నిబంధన. మీరేం చేశారు? బుధవారం కొన్నిటిని లోపలికి తోలారు, గురువారం ఇంకొన్నిటిని తోలారు. ఎన్ని ఆవులు ఎన్ని రోజులున్నాయో దేవుడికి తెలియదు. నేను ఎండలో నిలబడి గొట్టాలు మారుస్తుంటే మీరు నా వెనకాల మంద మారుస్తున్నారా? నా కష్టమంతా బూడిదలో పోశారు."

"నా పొలం, నా ఇష్టం" అన్నాడు ఆయన. గొంతులో మాత్రం మామూలు బలం లేదు.

"మీ ఇష్టమైతే కుదరదు. మీ అంకె చెల్లదు. మీరు ఇరవై రెండోవారూ కాదు, మొదటివారూ కాదు, అసలు మిమ్మల్ని కొలవనే లేదు." ఆమె ఇస్త్రీ చొక్కా మనిషి వైపు తిరిగింది. "ఈ పొలం పేరు కొట్టేయడానికి వీల్లేదు. వానలు పడి, బీళ్లు లేచి, ఎవరి ఆవులు వాళ్ల చోట కుదురుకున్నాక మళ్లీ మొదటినుంచీ కొలుస్తాను. అలాగని రాసి సంతకం పెడుతున్నాను. ఎవరైనా ఏమైనా అనేదుందా?"

ఇస్త్రీ చొక్కా మనిషి నిబంధనల పుస్తకం తిరగేసి, ఏమీ అనేది లేదన్నట్టు తల ఊపాడు.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాసో ఓందోలో అది మర్యాద కాదు. సుల్మా లేచి నడుం మీద చేతులు పెట్టుకుని, "బాగా గడ్డి పెట్టావమ్మాయ్. ఈ ముసలాడికి ఇంకా నాలుగు పెట్టు" అంది. ఎడిసన్ గొంతు సవరించుకుని, "అయిదు పెట్టినా తప్పులేదు, దొంగ మనిషి" అన్నాడు. వెనక వరసలోంచి ఫాదర్ కూడా, "ఆయనకు క్రమశిక్షణ తక్కువ" అని ఒక మాట వేశాడు.

దోన్ బెలార్మినో చుట్టూ చూశాడు. ఊరు ఊరంతా తనను తిడుతోంది. ఆయన టోపీ తీసి, లోపలికి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

బయట మెట్ల మీద యానెలాను ఆపాడు.

"అంటే వచ్చే ఏడాది మళ్లీ నా ఆవుల మెడకు డబ్బాలా?"

"అవును. తప్పు మీదే, అనుభవించండి."

"నీకు నోరు చాలా ఎక్కువ."

"మీ కన్నా తక్కువే."

ఆయన మొహం తిప్పుకున్నాడు. మెట్ల పక్కనున్న సుల్మాకు మాత్రం, ఆ మొహం పండగ రోజు కొత్త చొక్కా తొడిగిన పిల్లాడి మొహంలా కనపడింది.

"రేపు డబ్బాలు విప్పడానికి వస్తావుగా?" అన్నాడు ఆయన, అటువైపే చూస్తూ. "ఎన్నింటికి?"

"ఏడింటికి."

"ఆరున్నరకు రా. తిట్టాల్సినవి చాలా మిగిలాయి. టిఫిను చేశాక మొదలుపెడదాం."